నా మాటకూ ఆయన కాలికీ మధ్య

మోటారు సైకిలు నేర్చుకోవాలని నాకు ఎప్పుడూ కోరిక లేదు. నలభై ఆరేండ్లు వచ్చేదాకా వెనక సీటులో రెండు కాళ్లూ ఒకవైపుకే వేసి, ఒడిలో పట్టు నూలు మూట పెట్టుకుని కూర్చోవడమే నాకు తెలిసిన ప్రయాణం. మాది పెనుకొండ. హిందూపురంలో మెలిపెట్టిన పట్టు నూలు తెచ్చి ధర్మవరంలో మగ్గాలున్న ఇండ్లకు చేర్చడం మా పని. బండి తోలేది మా ఆయన, లెక్క చూసేది నేను. చీర పొడవు, వెడల్పు, అంచు చెబితే నిలువు పోగుల పడుగుకు ఎంత బరువు నూలు కావాలో, అడ్డం పోగుల పేకకు ఎంత కావాలో నేను చెబుతాను. నా చదువు పదో తరగతితో ఆగిపోయింది. ఈ లెక్క ఎవరూ నేర్పింది కాదు, తూకం వేసి వేసి, తప్పులు పోయి పోయి వచ్చింది.

ఆయనకు చక్కెర జబ్బు వచ్చి చాలా ఏండ్లయింది. అది కండ్ల మీదికి ఎప్పుడు వచ్చిందో మాకు తెలియలేదు. డాక్టరు గదిలో నేనూ ఉన్నాను. కుడి కంటికి నడిమి చూపు పోయిందనీ, ఎడమ కన్ను మసకబారుతోందనీ, సూదులు వేయించుకుంటే ఉన్న చూపును నిలబెట్టుకోవచ్చు గానీ పోయింది తిరిగి రాదనీ చెప్పాడు. బండి మాత్రం నడపవద్దన్నాడు. బయటికి వచ్చాక మా ఆయన చెప్పుల్లో కాళ్లు పెట్టుకుంటూ, చుక్కల మందు రాసిచ్చినాడు అన్నాడు, నేను ఆ గదిలో లేనట్టే.

ఆ సాయంత్రం ఆయనే బండి తోలి ఇంటికి తెచ్చాడు. తర్వాత కూడా ఆయనే తోలాడు. రైలుంది, బస్సుంది అని నేనంటే, మగ్గాలవాళ్లు బస్సు కోసం కాచుకుంటారా అని ఒకటే మాట. అది అబద్ధం కాదు. పేక అయిపోయి మగ్గం ఆగితే ఆ ఇంట్లో అందరి చేతులూ ఆగిపోతాయి. ఒకటి రెండుసార్లు చూసి, బండి ఉన్నవాళ్ల దగ్గర నూలు తీసుకుంటారు. కండ్ల సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు. ఇంత మెల్లగా తోలుతున్నావేమని ఎవరైనా అడిగితే నడుము నొప్పి అనేవాడు.

మెల్లగా మా ఇద్దరి మధ్య ఒక పద్ధతి ఏర్పడింది. మేము దాన్ని గురించి మాట్లాడుకుని పెట్టుకున్నది కాదు. నేను వెనక నుంచి ఆయన భుజం మీదుగా చూస్తూ చెబుతాను, ఆయన చేస్తాడు. "ఎడమ గుంత." "ముందర గేదె." "దిబ్బ వస్తాండాది, తగ్గించు." దిబ్బ అంటే స్పీడ్ బ్రేకరు. మొదట్లో ఆయనకు కోపం వచ్చేది. "నాకు కనపడతాందిలే మే" అనేవాడు. కొన్నాళ్లకు ఆ మాట మానేశాడు. నేను చెప్పడం కోసం ఎదురు చూడటం మొదలుపెట్టాడు. అప్పుడు నాకు భయం పట్టుకుంది.

రొద్దం నుంచి తిరిగి వస్తున్నాము. పట్టపగలు, రోడ్డు తిన్నగా ఉంది. ఒక గొర్రెల మంద రోడ్డు దాటుతోంది. "గొర్లు" అన్నాను. ఆయన బ్రేకు తొక్కాడు. మంద మధ్యలోకి పోయి ఆగాము. గొర్రెలు రెండు పాయలుగా విడిపోయి మా కాళ్లను రాసుకుంటూ పోయాయి. ఒక్కదానికీ దెబ్బ తగల్లేదు. కాపరి మా వంక చూసి, కర్రతో బండి ముందు చక్రాన్ని ఒకసారి తట్టి పోయాడు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

ఇంటికి వచ్చి వంట చేస్తూ లెక్క వేశాను. గంటకు నలభై కిలోమీటర్ల వేగమంటే సెకనుకు పదకొండు మీటర్లు. నేను చూడాలి, నోరు తెరవాలి, ఆయన వినాలి, ఆయన కాలు బ్రేకు మీదికి పోవాలి. ఎంత తక్కువగా చూసినా ఒకటిన్నర సెకను. అంటే బండి ఇంకా ఆగడం మొదలుపెట్టకముందే పదహారు, పదిహేడు మీటర్లు పోతుంది. మా వీధిలో మూడిండ్ల ముంగిళ్లు. నా మాటకూ ఆయన కాలికీ మధ్య మూడిండ్లు ఉన్నాయి. ఆ మూడిండ్ల దూరంలో ఒక పిల్ల అడ్డం వస్తే, నేను ఎంత బాగా చూసినా, ఎంత బిగ్గరగా అరిచినా లాభం లేదు. తగ్గించగలిగిన దూరం కాదది. చూసే మనిషీ తొక్కే మనిషీ ఒకరే అయితే తప్ప.

అన్నం పెట్టి ఆ మాటే చెప్పాను, లెక్కతో సహా. ఆయన తిని చెయ్యి కడుక్కున్నాడు. తర్వాత, నేర్చుకుంటే నేర్చుకోమన్నాడు. కానీ నాకు బాగా వచ్చేదాకా తనే తోలుతానన్నాడు. పైగా స్కూటీ కొనేది లేదు, ఉన్న బండి మీదే నేర్చుకోవాలి. స్కూటీ వెనక తను కూర్చోడు. అక్కడికి అది ఒప్పుకోవడమే అనుకున్నాను. కానీ ఆయన మాటలో ఉన్న రెండో సగం నన్ను నిద్రపోనివ్వలేదు. నాకు రావడం ఎన్నాళ్లు ఆలస్యమైతే అన్నాళ్లు ఆయన కండ్లు లేకుండా రోడ్డు మీద ఉంటాడు.

చుడీదార్లు కుట్టించుకున్నాను. మా వీధిలో ఒకావిడ, ఏమి అక్కా, మళ్లీ కాలేజీకి పోతాండావా అని అడిగింది. పోతాండా, ఫీజు నువ్వు కట్టు అన్నాను. నవ్వు అక్కడితో అయిపోయింది.

బండి బరువు నా బరువుకు రెండింతలు. మొదట్లో ఇంజను వేయకుండా, స్టాండు తీసి, పక్కన నిలబడి దాన్ని తోసుకుంటూ పోవడమే నేర్పాడు. బరువు ఎటు వాలుతుందో చేతికి తెలియాలట. తర్వాత క్లచ్చి. పూర్తిగా పట్టినప్పటికీ, పూర్తిగా వదిలినప్పటికీ మధ్యలో ఒక చోట బండి కదలడం మొదలుపెడుతుంది. ఆ చోటు వేళ్లకు దొరికేదాకా నాకు అంతా గుడ్డి లెక్కే. దొరకకముందు బండి ఎగిరి ఆగిపోయేది. నేను తిట్టుకుంటే, మెల్లగా మెల్లగా అనేవాడు. మా పెండ్లయినప్పటి నుంచి నాతో అంత ఓపికగా ఆయన మాట్లాడింది ఆ రోజుల్లోనే.

నాకు ఆశ్చర్యం కలిగించింది ఆయన చెవి. చూపు తగ్గినా రోడ్డు పక్కన కూర్చుని, నేను ఎక్కడో పోతుంటే శబ్దాన్ని బట్టి గేరు మార్చమని కేక వేసేవాడు. ఇంజను మూలుగుతోందంటే గేరు తగ్గించాలి, అరుస్తోందంటే పెంచాలి. నేను మీటరు వైపు చూసి వేగాన్ని బట్టి గేరు వేయాలని మనసులో ఒక పట్టిక కట్టుకున్నాను. పది దాకా ఒకటి, ఇరవై దాకా రెండు. మీటరు చూస్తూ రోడ్డు వదిలేసేదాన్ని. ఆయన ఒకరోజు మీటరు మీద చేతిగుడ్డ కట్టేశాడు.

అప్పటికి చలికాలం. ఊరి బయట, రొద్దం పోయే దారి నుంచి ఒక పల్లెకు చీలే చిన్న తారురోడ్డు మీద నేర్చుకునేవాళ్లం. బండ్లు తక్కువ. మేము చూసుకోనిది ఏమంటే, అది ఉలవల కాలం. మా పక్కల పల్లెల్లో తారురోడ్డే కళ్లం. పీకిన ఉలవ చెట్లను రోడ్డు మీద పరిస్తే, వచ్చే పోయే బండ్ల చక్రాల కింద కాయలు నలిగి గింజలు రాలతాయి. అట్లా పరిచినచోట పక్క మట్టిలోకి దిగి తప్పించుకుపోయే బండ్లను అక్కడివాళ్లు తిడతారు.

నేను మలుపు తిరిగేసరికి ముందర రోడ్డు లేదు, మోకాలి ఎత్తు ఉలవ చెట్లున్నాయి. అడ్డం ఏదైనా కనపడితే బ్రేకు వేయాలని నేర్చుకున్న మనిషిని, చెట్ల మీదికి పోయాక బ్రేకు వేశాను, అదీ ముందు బ్రేకు. చక్రం జారింది. బండీ నేనూ ఉలవల మీద పడుకున్నాము. దెబ్బలేమీ లేవు, పరుపు మీద పడ్డట్టే ఉంది. జడలోకీ, చెవుల్లోకీ పొట్టు.

రోడ్డు పక్కన చీపురు పట్టుకుని ఉన్న ఒక అవ్వ లేచి వచ్చింది. లేపడానికి చెయ్యిస్తుందనుకున్నాను. కింద చూసింది.

"పడితే పడినావు గానీ, ఈడ బాగా నలిగినాది" అంది. "ఆ పక్కే నలగలేదు. లేసి ఇంగ నాలుగు సుట్లు తిప్పమ్మా."

మా ఆయన అప్పటికి తడుముకుంటూ నడిచి వచ్చాడు. నాకు దెబ్బ తగిలిందా అని అడిగి, లేదన్నాక నవ్వాడు. నిజంగా నవ్వడం చాలా రోజుల తర్వాత అదే చూశాను. ఆమె నేర్చుకుంటాందవ్వా, నీ ఉలవలు పాడు చేస్తాది అన్నాడు. నేర్చుకునేవాళ్లే బాగా తొక్కుతారప్పా అంది అవ్వ, తోలడం వచ్చినోళ్లు సర్రున పోతారు, గింజ రాలదు.

ఆ రోజు నుంచి ఉలవలు అయిపోయేదాకా మా బడి అక్కడే. అవ్వకు చక్రాలు కావాలి, నాకు మెల్లగా తిరిగే చోటు కావాలి. పరిచిన మేర ఒక కొస నుంచి ఇంకో కొసకు పోయి, చెట్ల మీదే చుట్టు తిరిగి రావాలి. బ్రేకు తాకకూడదు, యాక్సిలరేటరు పెంచకూడదు, హ్యాండిలు బిగబట్టకూడదు. క్లచ్చి దొరికే ఆ చోటిని వేళ్లతో పట్టుకుని, బండిని దాని దారిన పోనివ్వాలి. చేతులు బిగించినప్పుడల్లా జారింది. వదిలినప్పుడల్లా పోయింది. అది లెక్కకు అందలేదు. ఎంత వేగానికి ఎంత వంగాలో తెలుసుకోవాలని చూశాను గానీ, పరుపు ఒకచోట మందంగా, ఒకచోట పలుచగా ఉండేది. లెక్క కట్టడానికి నిలకడగా ఉండే అంకె ఒక్కటీ లేదు. కొన్నాళ్లకు లెక్క కట్టడం మరిచిపోయి తిరుగుతున్నానని, ఇంటికి వచ్చాక గుర్తొచ్చింది.

అవ్వ చీపురుతో గింజలు ఊడ్చుకుంటూ నన్ను కేకలేసేది, అంచు వదిలేసినావు, నడిమికి వస్తాండావు అని. మా ఆయన ఇంజను వినేవాడు, ఆమె కాయలు వినేది. నలిగే కాయ ఒక రకంగా పలుకుతుందట, నలిగిపోయిన పొట్టు ఇంకో రకంగా.

లైసెన్సు పరీక్షకు హిందూపురం పోయాము. నేల మీద గీసిన ఎనిమిది అంకె చుట్టూ కాలు కింద పెట్టకుండా తిరగాలి. నాకంటే ముందు తిరిగిన కుర్రవాళ్లు వేగంగా పోయి మలుపు దగ్గర కాలు పెట్టారు. నేను మొదటి గేరులో, ఉలవల మీద తిరిగినట్టే తిరిగాను. పరీక్ష పెట్టే ఆయన వాచీ చూసుకున్నాడు, ఇంత మెల్లగా ఎవరూ తిరగరమ్మా అన్నాడు. కానీ కాలు పెట్టలేదు కదా. సంతకం పెట్టాడు.

హైవే వేరే పాఠం. పెనుకొండ దగ్గర పెద్దరోడ్డు ఎక్కి ధర్మవరం వైపు పోవాలంటే లారీలతో పోవాలి. వెనక నుంచి లారీ దాటేటప్పుడు మొదట గాలి పక్కకు తోస్తుంది, తర్వాత లారీ పొడవంతా పోయాక లోపలికి లాగుతుంది. మొదటిసారి గాలి తోసినప్పుడు ఎదురు నొక్కాను, లాగినప్పుడు ఇంకా అటే వంగాను. బండి గీత దాటి ఊగింది. వెనక మా ఆయన ఊపిరి బిగబట్టడం వీపుకు తెలిసింది. "మోకాళ్లతో ట్యాంకు పట్టుకో. చేతులు వదిలెయ్" అన్నాడు. ఎడమ అంచున, నలభై దాటకుండా పోయాను. లారీ శబ్దం వెనక దగ్గరవుతున్నప్పుడే మోకాళ్లు బిగించడం అలవాటు చేసుకున్నాను. కొన్ని ప్రయాణాలకు, లారీ పోయిందని పోయాక తెలిసేది.

అంతా కుదిరిందనుకున్నాను. ఆయన చూపు ఇక రోడ్డు మీద అవసరం లేదనుకున్నాను. కానీ హైవే అలవాటయ్యాక మొదటిసారి ధర్మవరం దాకా పోయినప్పుడు, ఊరు కనపడగానే ఆయన నా భుజం తట్టాడు. ఆపమన్నాడు. దిగి ముందుకు వచ్చి హ్యాండిలు పట్టుకున్నాడు.

"ఊర్లో నేను తోలుతా. నువ్వు ఎనక్కి జరుగు."

"ఊర్లోనే కదయ్యా మనుషులుండేది" అన్నాను.

"ఆడ అందరూ మనల్ని ఎరిగినోళ్లు. మెల్లగా పోతాలే. నువ్వు చెప్తాండు, చాలు."

హైవే మీద మమ్మల్ని చూసే లారీలవాళ్లకు మేము ఎవరమో తెలియదు. ధర్మవరం వీధుల్లో ప్రతి గడప దగ్గరా తెలిసినవాళ్లుంటారు. వాళ్ల ముందు వెనక సీటులో కనపడటం ఆయనకు ఇష్టం లేదు. చూపు కావాల్సిన చోట చూపు లేని మనిషి తోలాలి. నలభై కిలోమీటర్లు నేను తెచ్చి, చివరి రెండు కిలోమీటర్లు ఆయనకు అప్పగించాలి. వాదించి చూశాను. పని మానేస్తాను గానీ ఊర్లోకి నీ వెనక రాను అన్నాడు. అటొక కాలు ఇటొక కాలు వేసి, వెనక్కి జరిగాను. మళ్లీ అదే పద్ధతి. గుంత, ఆటో, పిల్లోడు, కుడివైపు ఆవు. తిరిగి వచ్చేటప్పుడు ఊరి బయట మళ్లీ మార్చుకునేవాళ్లం.

అట్లా ఎన్నిసార్లు పోయామో గానీ, ఒక రోజు మాత్రం పొద్దున్నే పోయాము. ఒక ఇంట్లో పేక అయిపోవచ్చిందని ఫోను చేశారు. ఎండ ఎక్కకముందు నేతవాళ్ల వీధుల్లో పడుగులు సాగదీస్తారు. మూడు నాలుగు చీరల పొడవు పట్టు పోగులను వీధి వెంబడి, ఈ కొస నుంచి ఆ కొసకు, నడుము ఎత్తున కర్రల మీద లాగి కట్టి, తెగినవి అతికి, చిక్కులు విడదీసుకుంటారు. ఒక్కో పడుగులో నాలుగు వేల పైన పోగులుంటాయి. దూరం నుంచి గుడ్డ లాగా కనపడదు. వెలుతురు పడిన వైపు నుంచి చూస్తే మెరుపు, ఇంకో వైపు నుంచి చూస్తే ఏమీ లేదు.

మేము అడ్డవీధి నుంచి ఆ వీధిలోకి వస్తున్నాము. ఆయన పది వేగంలో కూడా లేడు. మూల ఇంటి గోడ దాటగానే పడుగు కనపడింది, లేత పసుపు, మా దారికి అడ్డంగా. ఈ కొసన నిలబడ్డ నేతాయన చెయ్యెత్తాడు. ఆ వేగానికి నా మాటకూ ఆయన కాలికీ మధ్య నాలుగు మీటర్లు. గోడ నుంచి పడుగుకు అంతకంటే ఎక్కువ ఉన్నట్టు లేదు.

"ఆపు" అంటూనే రెండు కాళ్లూ నేలకు వేసి ఈడ్చాను.

బండి ఆగింది. ముందు చక్రానికీ పడుగుకూ మధ్య జానెడు ఉందేమో. ఇంజను తిరుగుతూనే ఉంది. ఆ కంపానికి పోగులు వణుకుతున్నట్టు నాకనిపించింది. మా ఆయన ఇంకా ముందుకే చూస్తున్నాడు, దేనికి ఆపామో తెలియక. నేను వంగి ఆయన చెవిలో, పడుగు, అన్నాను. ఆయన చెయ్యి చాచి గాలిలో వెతికాడు. వేలి కొసలకు పోగులు తగిలాయి. వెంటనే, కాలినట్టు, వెనక్కి తీసుకున్నాడు. ఇంజను ఆపేశాడు.

నేతాయన దగ్గరికి వచ్చాడు. మేము నూలు ఇచ్చే ఇల్లు కాదు గానీ ముఖం తెలిసినవాడే. కోపంగా లేడు, అయోమయంగా ఉన్నాడు. "ఏమప్పా, చెయ్యెత్తితి కదా" అన్నాడు.

మా ఆయన బండి దిగాడు. నడుము నొప్పి అంటాడనుకున్నాను. ఎండ కండ్లలో కొట్టింది అంటాడనుకున్నాను.

"నీ చెయ్యి కనపడల్యా అబ్బా. పడుగూ కనపడల్యా" అన్నాడు. "నా కండ్లు పోతాండాయి. డాక్టరు తోలొద్దని చెప్పి శానా దినాలయింది."

"మరి ఏంటికి తోలుతాండావు?"

"ఆమెకు బాగా వస్తాది. హైవే మింద ఆమే తెచ్చినాది. ఈడికొచ్చినాక నేనే ఇయ్యలేదు."

వీధిలో పనిచేస్తున్నవాళ్లు నాలుగైదు మంది విన్నారు. పడుగు అవతలి కొసన కర్ర పట్టుకుని ఉన్న పెద్దావిడ అక్కడి నుంచే, "ఇంగనన్నా ఇయ్యప్పా. మా పడుగు బతుకుతాది" అంది. ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఆయన కూడా తల వంచుకుని కొంచెం నవ్వాడు. ఆ నవ్వు బాధగా ఉందో తేలికగా ఉందో నేను కనుక్కోలేకపోయాను.

సాగదీసిన పడుగును బండి కోసం ఎవరూ తీయరు, తీయమని ఎవరూ అడగరు. వెనక్కి పోవాలి. మోటారు సైకిలు వెనక్కి రాదు, లాగాలి. నేను హ్యాండిలు పట్టుకున్నాను, ఆయన వెనక క్యారియరు పట్టుకుని లాగాడు. జానెడు మూరెడయింది, మూరెడు బారెడయింది. గోడ దాటాక బండి తిప్పి ఎక్కి కూర్చున్నాను. ఆయన అటూ ఇటూ చూడలేదు. మూట తీసుకుని నా వెనక కూర్చుని, దాన్ని తన ఒడిలో పెట్టుకున్నాడు.

చుట్టు తిరిగి ఇంకో వీధిలో నుంచి పోయాము. ఆటోలు, నీళ్ల బిందెలు, గడపల మీద మనుషులు. కొందరు చూశారు, కొందరు పలకరించారు. నాకు జవాబివ్వడానికి తీరిక లేదు. ఆయనే అందరికీ జవాబిచ్చాడు.

ఫోను చేసిన ఇంటి ముందు బండి ఆపాను. లోపల మగ్గం చప్పుడు ఆగి ఉంది. మూట విప్పి నూలు తూచి ఇచ్చాము. ఆ ఇంటాయన కాఫీ ఇప్పించి, ఎప్పటిలాగే మా ఆయన వైపు తిరిగి, మళ్లీ ఏ దినం వస్తారప్పా అని అడిగాడు. ఏండ్ల తరబడి ఆ ప్రశ్నకు ఆయన దగ్గర జవాబు సిద్ధంగా ఉండేది.

"ఆమెనడుగు" అన్నాడు. "ఇంగ తోలేది ఆమె."

ఇంటాయన నా వైపు తిరిగాడు. ఎంత నూలిచ్చామో, రెండు మగ్గాలకు అది ఎన్నాళ్లు వస్తుందో మనసులో చూసుకుని, సోమవారం అన్నాను.